సాధన ప్రేరణ నుంచి అధికార ప్రేరణకు: కాకినాడ ప్రయోగం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మానవ ప్రేరణను గురించిన ఆధునిక మనోవిజ్ఞాన చరిత్రలో డేవిడ్ మెక్‌క్లెలాండ్ ప్రతిపాదించిన సాధన ప్రేరణ, అధికార ప్రేరణ అనే రెండు భావనలకు ప్రముఖ స్థానం ఉంది. వీటిని పాఠ్యగ్రంథాలు సాధారణంగా పక్కపక్కనే ఉంచి, వేర్వేరు ప్రేరణలుగా వివరిస్తాయి. మొదటి భావన ఆచరణలో పరీక్షకు నిలిచిన చోట్లలో ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ ముఖ్యమైనది. 1964లో అక్కడి వ్యాపారులకు హైదరాబాదులో ఇచ్చిన శిక్షణ, దాని ఫలితాలు, ఆ తరువాతి దశాబ్దంలో అధికార ప్రేరణపై సాగిన పరిశోధన – ఈ మూడింటినీ ఒకే చారిత్రక క్రమంలో ఉంచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. సాధన ప్రేరణ సిద్ధాంతం చూడకుండా వదిలిన అధికార సమస్య కాకినాడ ఫలితాల్లోనే దాగి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రేరణ, సాధన ప్రేరణ, అధికార ప్రేరణ, కాకినాడ, మెక్‌క్లెలాండ్, వింటర్, నిర్ణయాధికారం.

1. ఉపోద్ఘాతం

మనిషిని కార్యోన్ముఖుణ్ణి చేసేది ఏది అన్న ప్రశ్న భారతీయ చింతనకు కొత్త కాదు. ఉపనిషద్వాఙ్మయం పుత్రైషణ, విత్తైషణ, లోకైషణ అని మూడు ఏషణలను పేర్కొంది. తెలుగులో ‘ఈషణత్రయం’గా వాడుకలో ఉన్న మాట ఇదే. అయితే ఆ చింతన ఏషణలను గుర్తించింది వాటిని దాటడానికి. ఇరవయ్యో శతాబ్దపు మనోవిజ్ఞానం వాటిని గుర్తించింది కొలవడానికి, వీలైతే పెంచడానికి. ఈ రెండు దృక్పథాల మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. ఒక మనిషిలోని కోరికను మరొక మనిషి కొలిచి, పెంచగలడన్న నమ్మకం వెనుక ఒక అధికార సంబంధం ఉంది. పెంచేవాడు ఎవరు, ఎవరిలో పెంచుతున్నాడు, ఆ పెరుగుదల ఎవరికి ఉపయోగపడుతుంది అన్న ప్రశ్నలు అక్కడినుంచే పుడతాయి.

కాకినాడ ప్రయోగాన్ని వాణిజ్య, నిర్వహణ శాస్త్ర గ్రంథాలు పారిశ్రామికవేత్తల శిక్షణకు ఒక ఉదాహరణగా చెప్పి విడిచిపెట్టాయి. మనోవిజ్ఞాన గ్రంథాలు దానిని సాధన ప్రేరణ అధ్యాయానికి పరిమితం చేశాయి. ఆ ప్రయోగంలో పాలుపంచుకొన్న పరిశోధకులే తరువాత అధికార ప్రేరణను అధ్యయనం చేశారన్న విషయానికి తగినంత ప్రాధాన్యం దక్కలేదు.

2. పూర్వరంగం: ప్రేరణను కొలిచే ప్రయత్నం

అధికార కాంక్షను మనోవిజ్ఞాన విషయంగా మొదట గట్టిగా నిలబెట్టిన వారిలో ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ఒకరు. 1911లో ఫ్రాయిడ్ బృందంనుంచి విడిపోయిన ఆయన, న్యూనతాభావాన్ని అధిగమించి ఆధిక్యాన్ని సాధించాలనే తపన మానవ ప్రవర్తనకు మూలమని భావించాడు. అమెరికన్ రాజనీతిశాస్త్రవేత్త హెరాల్డ్ లాస్‌వెల్ ఈ ఆలోచనను రాజకీయ రంగానికి విస్తరించాడు. 1930లో వెలువడిన గ్రంథంలో ఆయన రాజకీయ వ్యక్తిని ఒక సూత్రంలో వివరించాడు. దాని ప్రకారం వ్యక్తిగత ప్రేరణలు ప్రజావిషయాలమీదికి మళ్లుతాయి. ఆ తరువాత ప్రజాహితం పేరుతో సమర్థన పొందుతాయి. ఇవి లోతైన పరిశీలనలే అయినా వీటికి ఆధారం ప్రధానంగా వ్యక్తుల జీవితకథలు. వేర్వేరు మనుషులను ఒకే కొలబద్దతో పోల్చే సాధనం అప్పటికి లేదు.

ఆ సాధనం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందింది. క్రిస్టియానా మోర్గాన్, హెన్రీ ముర్రే 1935లో ఇతివృత్త గ్రహణ పరీక్షను (టి.ఏ.టి.) ప్రకటించారు. అస్పష్టమైన చిత్రాన్ని చూపి కథ చెప్పమంటే, చెప్పేవాడు తనకు తెలియకుండానే తన లోపలి అవసరాలను ఆ కథలో పెడతాడన్నది దీని వెనుక ఉన్న భావన. 1938లో ముర్రే ప్రకటించిన మానవ అవసరాల జాబితాలో సాధన, ఆధిపత్యం, సాంగత్యం వంటివి చోటుచేసుకొన్నాయి. మెక్‌క్లెలాండ్ (1917–1998) ఆ పరీక్షను ప్రయోగశాలకు తెచ్చాడు. ఒక ప్రేరణను ఉద్దేశపూర్వకంగా రేకెత్తించిన తరువాత రాసిన కథలను, సాధారణ స్థితిలో రాసిన కథలతో పోల్చి, ఆ తేడాల ఆధారంగా అంకెలు కేటాయించే పద్ధతిని ఆయన, ఆయన సహచరులు 1953లో గ్రంథరూపంలో ప్రకటించారు. ఇక్కడ సాధన ప్రేరణ అంటే ధనాశ కాదు, కీర్తికాంక్ష కాదు. ఒక శ్రేష్ఠతా ప్రమాణాన్ని ముందుంచుకొని, పనిని మునుపటికంటె మెరుగ్గా చేయాలనే తపన.

3. సాధన సమాజ సిద్ధాంతం

1961లో వెలువడిన గ్రంథంలో మెక్‌క్లెలాండ్ ఈ భావనను వ్యక్తినుంచి సమాజానికి విస్తరించాడు. ప్రొటెస్టెంటు నీతికి, పెట్టుబడిదారీ స్ఫూర్తికి మధ్య మాక్స్ వెబర్ చూపిన సంబంధానికి మనోవైజ్ఞానిక పునాది సాధన ప్రేరణేనని ఆయన వాదన. ఇందుకు ఆధారంగా పలు దేశాల పిల్లల పాఠ్యపుస్తకాలలోని కథలను ఎంచుకొన్నాడు. 1925 ప్రాంతపు వాచకాల్లో సాధన ప్రేరణ ఎక్కువగా కనిపించిన దేశాలు ఆ తరువాతి దశాబ్దాలలో ఆర్థికంగా వేగంగా పెరిగాయని నిర్ధారించాడు. విద్యుదుత్పత్తి ఆయన ఎంచుకొన్న కొలతలలో ఒకటి.

ఈ సిద్ధాంతం వెలువడిన కాలాన్ని గమనించాలి. వలసపాలననుంచి బయటపడిన దేశాలు ప్రణాళికలు రచించుకొంటున్న కాలమది. అగ్రరాజ్యాలు రెండూ తమతమ అభివృద్ధి నమూనాలను ఆ దేశాల ముందుంచుతున్న కాలం కూడా అదే. పేదరికానికి కారణం పెట్టుబడి కొరత, భూసంబంధాలు, వలస దోపిడి అని కొందరు చెబుతున్నప్పుడు, కారణం మనుషుల మనసుల్లో ఉందని, దానిని కొద్దిరోజుల శిక్షణతో మార్చవచ్చునని చెప్పే సిద్ధాంతానికి సహజంగానే ఆదరణ లభించింది. వెబర్ హిందూ సమాజాన్ని గురించి వ్యక్తం చేసిన సందేహాల నేపథ్యంలో భారతదేశం ఈ సిద్ధాంతానికి కఠినమైన పరీక్షాస్థలం అయింది.

4. కాకినాడ ప్రయోగం

1960లో ఢిల్లీలో నెలకొని, 1962లో హైదరాబాదుకు తరలివచ్చిన చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ ఈ ప్రయోగానికి వేదికయింది. నేటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థకు అది పూర్వరూపం. శిక్షణకు ఎంచుకొన్న ప్రధాన పట్టణం కాకినాడ.

కాకినాడ వాణిజ్య చైతన్యం లేని ఊరు కాదు. జగన్నాథపురంలో డచ్చివారి స్థావరం, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల పెరిగిన డెల్టా సంపద, కాలువల మీదుగా రేవుకు చేరిన సరుకు, అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఊపందుకొన్న పత్తి ఎగుమతి ఆ పట్టణ చరిత్రలో భాగాలు. 1923లో అఖిల భారత కాంగ్రెస్ మహాసభకు ఆతిథ్యమిచ్చిన పట్టణమది. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభం కావడంతో ఈ రేవు ప్రాధాన్యం తగ్గింది. అందువల్ల 1960ల నాటి కాకినాడను సాధనాకాంక్ష ఎరుగని పట్టణమనడం కంటె, అవకాశాలు మారిపోయిన పట్టణమనడం చరిత్రకు దగ్గరగా ఉంటుంది.

1964లో కాకినాడనుంచి వ్యాపార, పారిశ్రామిక వర్గాలకు చెందిన 52 మంది బృందాలుగా హైదరాబాదుకు వచ్చి శిక్షణ పొందారు. వెల్లూరునుంచి వచ్చిన వ్యాపారులు కూడా ఈ అధ్యయనంలో ఉన్నారు. శిక్షణలో నాలుగు అంశాలు ప్రధానమైనవి. మొదటిది, సాధన ప్రేరణ భాషను నేర్పడం: తాము రాసిన కథలకు తామే అంకెలు వేసుకొని, సాధన ప్రేరణ ఉన్నవాడు ఎలా ఆలోచిస్తాడో అభ్యర్థులు గ్రహించాలి. రెండవది ఆత్మపరిశీలన: ఈ కొత్త ఆలోచనాసరళి తమ కుటుంబ, మత, సామాజిక విలువలకు సరిపడుతుందో లేదో తామే తేల్చుకోవాలి. మూడవది లక్ష్యనిర్ణయం: రాబోయే రెండేళ్లలో చేయదలచిన పనిని స్పష్టంగా రాసుకొని, దాని పురోగతిని నిర్ణీత వ్యవధుల్లో తెలియజేయాలి. నాలుగవది పరస్పర సహకారం: కలిసి శిక్షణ పొందినవారు ఊరికి తిరిగి వెళ్లాక ఒకరికొకరు అండగా నిలవాలి.

శిక్షణలో వాడిన ఆటలలో ఒకటి కొయ్యకు వలయాలు విసరడం. ఎంత దూరంనుంచి విసరాలో ఆడేవాడే నిర్ణయించుకొంటాడు. మరీ దగ్గరనుంచి విసిరితే గెలుపులో సంతృప్తి ఉండదు. మరీ దూరంనుంచి విసిరితే గెలుపు అదృష్టం పాలవుతుంది. సాధన ప్రేరణ ఉన్నవాడు మధ్యస్థమైన దూరాన్ని ఎంచుకొంటాడని సిద్ధాంతం. సాహసమంటే జూదం కాదని, లెక్క తెలిసిన ప్రయత్నమని ఆటద్వారా చెప్పడం దీని ప్రయోజనం.

5. ఫలితాలు: నిర్ణయాధికారం అడిగిన ప్రశ్న

మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ ఫలితాలను గ్రంథరూపంలో వెలువరించారు. శిక్షణ తరువాతి రెండేళ్లలో, శిక్షణ పొందిన వారిలో దాదాపు సగం మంది వ్యాపారంలో విశేష చురుకుదనం చూపినట్లు నమోదయింది. శిక్షణ పొందని పోలిక బృందంలో అలాంటివారు సుమారు నాలుగోవంతు మాత్రమే. కొత్త వ్యాపారాలు ప్రారంభించడంలోను, పెట్టుబడి పెట్టడంలోను శిక్షితులు ముందున్నారు.

ఈ ఫలితాల్లో రెండు అంశాలు ప్రత్యేకంగా గమనింపదగినవి. మొదటిది, సంప్రదాయ విశ్వాసాలకు సంబంధించినది. చురుకుదనం పెరిగినవారు తమ ఆచారాలనో, కులమత విశ్వాసాలనో వదులుకొన్న దాఖలా కనిపించలేదు. సంప్రదాయం వదిలితేనే ఆర్థిక చైతన్యం వస్తుందన్న ఆధునికీకరణ వాదానికి ఇది ప్రతికూల సాక్ష్యం. కాకినాడ వ్యాపారి బొట్టు చెరుపుకోకుండానే కొత్త ఖాతా తెరవగలిగాడు.

రెండవది మరింత కీలకమైనది. శిక్షణ అందరిమీద ఒకే విధంగా పనిచేయలేదు. వ్యాపారంలో స్వయంగా నిర్ణయాలు తీసుకోగల స్థితిలో ఉన్నవారిలోనే మార్పు స్పష్టంగా కనిపించింది. తండ్రి, అన్న, లేదా యజమాని మాటకు లోబడి పనిచేసేవారు అదే శిక్షణ పొందినా అదే మార్పు చూపలేకపోయారు. కుటుంబ వ్యాపారంలో గల్లాపెట్టె తాళంచెవి ఎవరి మొలలో ఉంటుందో ఎరిగిన సమాజానికి ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు. సిద్ధాంతానికి మాత్రం ఇది పెద్ద చిక్కు. సాధన ప్రేరణ క్రియగా మారాలంటే ముందుగా అధికారం కావాలి. మనసులో రగిలించిన తపన, చేతిలో నిర్ణయాధికారం లేనివాడి దగ్గర తపనగానే మిగిలిపోతుంది.

కొలతకు అందిన మార్పును ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో కూడా ఈ ప్రశ్నే ఎదురవుతుంది. శిక్షితులలో పెరిగింది కేవలం సాధన ప్రేరణేనా, లేక తమ జీవితానికి తామే కర్తలమన్న సామర్థ్యభావమా? ఒక ప్రతిష్ఠాత్మక సంస్థ తమను ఎంపికచేసి, తమ ప్రణాళికలను శ్రద్ధగా విని, మీరు చేయగలరని చెప్పడమే ఒక శక్తినిచ్చి ఉండవచ్చు. అలాగైతే ఆ శక్తినిచ్చిన శిక్షకుడి పాత్రను సాధన ప్రేరణ సిద్ధాంతం వివరించలేదు. ఇతరులను ప్రభావితం చేయాలనే శిక్షకుడి కోరిక మరొక ప్రేరణ కిందికి వస్తుంది.

6. అధికార ప్రేరణ అధ్యయనం

అధికార ప్రేరణను కథలద్వారా కొలిచే ప్రయత్నాన్ని జోసెఫ్ వెరాఫ్ 1957లోనే ప్రారంభించాడు. విద్యార్థి సంఘ ఎన్నికల్లో పోటీచేసి, ఫలితాలకోసం ఎదురుచూస్తున్న అభ్యర్థులచేత ఆయన కథలు రాయించాడు. ఆ ఉత్కంఠలో అధికార కాంక్ష తప్పక వ్యక్తమవుతుందన్నది ఆయన ఊహ. అయితే ఆ స్థితిలో గెలవాలన్న కోరికతో పాటు ఓడిపోతామన్న భయం కూడా కలిసిపోయింది.

కాకినాడ అధ్యయనంలో సహరచయిత అయిన వింటర్ ఈ లోపాన్ని సరిదిద్దాడు. అధ్యక్షుడు జాన్ కెనడీ ప్రమాణస్వీకార ప్రసంగ చలనచిత్రాన్ని విద్యార్థులకు చూపి, తరువాత వారు రాసిన కథలను పరిశీలించాడు. ఆ కథల ఆధారంగా అధికార ప్రేరణను ఇతరులమీద ప్రభావం చూపాలనే ఆకాంక్షగా నిర్వచించాడు. ఈ ప్రభావం బలప్రయోగంగా ఉండవచ్చు, ఒప్పించడంగా ఉండవచ్చు, అడగని సహాయం చేయడంగా కూడా ఉండవచ్చు. 1973లో వెలువడిన ఆయన గ్రంథం ఈ రంగానికి ప్రామాణికమైంది.

మెక్‌క్లెలాండ్ 1970లో అధికారానికి గల రెండు ముఖాలను గురించి రాసిన వ్యాసంలో తన పూర్వసిద్ధాంత పరిమితిని తానే గుర్తించాడు. సాధన ప్రేరణ ప్రధానంగా ఒంటరి ఆట; దానికి మరొక మనిషి అవసరం లేదు. నాయకత్వం అలా కుదరదు. పదిమందిచేత పని చేయించవలసినవాడికి తానే బాగా చేయాలనే తపన చాలదు. కెనడీ చిత్రం చూసినవారి కథలనుంచి ఆయన మరొక ముఖ్యమైన విషయాన్ని గ్రహించాడు. ప్రసంగం విన్నవారు నాయకుడికి లొంగిపోయినట్లు కాక, తామే బలవంతులైనట్లు భావించారు. మంచి నాయకుడు అనుచరులను అణచడు, వారిలో శక్తిని మేల్కొల్పుతాడు. ఈ మాటలను కాకినాడ శిక్షణకు అన్వయించి చూస్తే, అక్కడ జరిగిందేమిటో మరింత స్పష్టమవుతుంది.

7. రెండు ముఖాలు

అధికార ప్రేరణ ఒక్కటే అయినా అది వ్యక్తమయ్యే తీరు రెండు విధాలు. మొదటిది వ్యక్తిగత అధికారం: ఎదుటివాడిని ఓడించడం, ఆడంబర వస్తువులు కూడబెట్టడం, పోట్లాట, మద్యపానం. 1972లో మెక్‌క్లెలాండ్ బృందం మద్యపానంపై ప్రకటించిన గ్రంథం, అతిగా తాగే పురుషులు వెతుక్కొనేది ఈ తరహా బలభావననేనని వాదించింది. రెండవది సామాజిక అధికారం: పదిమంది హితంకోసం ప్రభావాన్ని వినియోగించడం. ఈ రెంటినీ వేరుచేసే అంశాన్ని పరిశోధకులు ఆత్మనిగ్రహంగా గుర్తించారు. కథల్లో ‘కాదు’, ‘లేదు’ వంటి నిషేధపదాలు ఎన్నిసార్లు వచ్చాయన్నది ఇందుకు వారు వాడిన కొలత. 1975లో వెలువడిన గ్రంథంలో మెక్‌క్లెలాండ్ సంప్రదాయ భారతదేశంలో దానం చేయడాన్నే ఒక అధికార రూపంగా పరిశీలించాడు. దాత చెయ్యి పైన, గ్రహీత చెయ్యి కింద ఉంటుందని ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ పరిశీలన కొత్తగా తోచదు.

1976లో డేవిడ్ బర్న్‌హామ్‌తో కలిసి రాసిన వ్యాసం నిర్వాహకులకు దీనిని అన్వయించింది. సమర్థులైన నిర్వాహకులలో అధికార ప్రేరణ సాంగత్య ప్రేరణకంటె ఎక్కువగాను, దానికి తోడు ఆత్మనిగ్రహం బలంగాను ఉన్నట్లు ఆ వ్యాసం తేల్చింది. అందరి మెప్పు కోరే నిర్వాహకుడు ఒకరికి మినహాయింపునిచ్చి, మిగిలినవారికి అన్యాయం చేస్తాడన్నది అందులోని సూచన. వింటర్ తరువాతి అధ్యయనాలు బాల్యంలో తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకొన్నవారిలోను, పిల్లల బాధ్యత వహించినవారిలోను అధికార ప్రేరణ బాధ్యతాయుతంగా వ్యక్తమవుతుందని, స్త్రీపురుషులిద్దరి విషయంలోను ఇది వర్తిస్తుందని సూచించాయి.

దేశాధినేతల విషయంలో ఫలితాలు మరింత గంభీరమైనవి. అమెరికా అధ్యక్షుల ప్రమాణస్వీకార ప్రసంగాలను విశ్లేషించిన వింటర్, అధికార ప్రేరణ ఎక్కువగా ఉన్నవారిని చరిత్రకారులు గొప్పవారిగా పరిగణించారని 1987లో చూపాడు. దేశం యుద్ధంలోకి దిగడానికీ అదే ప్రేరణతో సంబంధం ఉందని ఆ పరిశోధనలోనే తేలింది. సాధన ప్రేరణ అధికంగా ఉన్న విల్సన్, హూవర్, నిక్సన్, కార్టర్ వంటివారు రాజకీయాల్లో నిరాశకు గురయ్యారని ఆయన 2010లో వివరించాడు. వ్యాపారంలో మంచి మార్గం కనిపిస్తే దానిని అనుసరించవచ్చు. రాజకీయంలో ఆ మార్గానికి ఇతరుల సమ్మతి కావాలి. వ్యాపారంలో గెలిపించిన ప్రేరణే రాజకీయంలో అసహనానికి దారితీస్తుంది.

8. విమర్శలు

ఈ పరిశోధనా సంప్రదాయంపై మూడు ముఖ్యమైన విమర్శలున్నాయి. మొదటిది కొలతను గురించినది. కథల ఆధారిత పరీక్షల విశ్వసనీయతను డోరిస్ ఎంట్విసిల్ 1972లో తీవ్రంగా ప్రశ్నించింది. 1989లో మెక్‌క్లెలాండ్ బృందం దీనికి సమాధానంగా, కథల్లో వ్యక్తమయ్యే అవ్యక్త ప్రేరణలు, మనిషి తన గురించి తాను చెప్పుకొనే ప్రేరణలు వేర్వేరని వాదించింది.

రెండవది అభివృద్ధి సిద్ధాంతాన్ని గురించినది. ఆంద్రే గుందర్ ఫ్రాంక్ 1967లోనే ఈ ధోరణి వెనుకబాటుకు గల చారిత్రక, అంతర్జాతీయ కారణాలను మరుగుపరుస్తుందని విమర్శించాడు. పాఠ్యపుస్తకాల ఆధారంగా ఆర్థిక వృద్ధిని ఊహించే వాదం తరువాతి పరీక్షలకు నిలవలేదని 1977లో మజూర్, రోసా చూపారు. కోస్తా ఆంధ్ర విషయంలో కూడా కారోల్ ఉపాధ్య 1988లో రైతు పెట్టుబడిదారులపై చేసిన అధ్యయనం, వ్యవసాయ మిగులు పట్టణ వ్యాపారంలోకి ప్రవహించిన తీరును సామాజికవర్గ చరిత్రతో వివరించింది. డెల్టా వ్యాపార విస్తరణకు శిక్షణా తరగతికంటె కాలువ నీరు పెద్ద కారణమన్న వాదన సులభంగా తోసిపుచ్చదగినది కాదు.

మూడవది భారతీయ మనోవిజ్ఞానవేత్త ఉదయ్ పారీక్ చేసినది. అభివృద్ధికి సాధన ప్రేరణ ఒక్కటే చాలదని, ఇతరుల మేలుకోరే విస్తరణ ప్రేరణ కూడా ఉండాలని, పరాధీన ప్రేరణ తగ్గాలని ఆయన 1960ల చివర ప్రతిపాదించాడు. సామాజిక అధికారమని మెక్‌క్లెలాండ్ తరువాత చెప్పినదానికి ఇది చాలా దగ్గరగా ఉంది. నాయకుడి వైపునుంచి కాక సమాజం వైపునుంచి చూడడం ఇందులోని విశేషం.

9. ముగింపు

పై పరిశీలననుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి. కాకినాడ ప్రయోగం సాధన ప్రేరణ సిద్ధాంతానికి లభించిన విజయం మాత్రమే కాదు. దాని హద్దును చూపిన సందర్భం కూడా. సంప్రదాయం అడ్డంకి కాదని అది నిరూపించింది. అదే సమయంలో, నిర్ణయాధికారం లేనిచోట ప్రేరణ ఫలించదని కూడా చూపింది. అధికార ప్రేరణ పరిశోధన ఈ రెండో అంశంలో సగాన్ని మాత్రమే అందిపుచ్చుకొంది. అధికారాన్ని కోరే మనసును అది లోతుగా చదివింది. అధికారం చేతిలో లేని మనిషి పరిస్థితిని అంత శ్రద్ధగా చదవలేదు.

నేటి వ్యక్తిత్వ వికాస తరగతులు, ఔత్సాహిక పారిశ్రామిక శిక్షణలు, నాయకత్వ శిబిరాలు కాకినాడ శిక్షణకు దూరపు వారసులు. అభ్యర్థి విజయం సాధిస్తే ఘనత శిక్షణకు, సాధించకపోతే లోపం అతని మనసుకు ఆపాదించడం వాటిలో పరిపాటి. ఇంటి వ్యాపారంలో మాట చెల్లని తమ్ముడిని, సంతకానికి విలువలేని భార్యను, అప్పు పుట్టని చేనేత కార్మికుడిని ‘ప్రేరణ లేనివారు’గా లెక్కించే కొలత వారి మనసును కాక వారి స్థితిని కొలుస్తోంది. ప్రేరణను గురించిన ఏ అధ్యయనమైనా మనిషిలో కోరిక ఎంత ఉందని అడగడంతో పాటు, ఆ కోరికను క్రియగా మార్చే అధికారం అతనికి ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అని కూడా అడగాలి. కాకినాడ ఫలితాలు ఆరు దశాబ్దాల క్రితమే ఈ ప్రశ్నను పరిశోధకుల ముందుంచాయి.